చెక్కేవాడు వచ్చాడు

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరసలో మా మాస్టార్లు, టీచర్లు కూర్చున్నారు. మీ చేతుల్లో బెత్తాలు లేకపోయినా మీ ముందు నిలబడి మాట్లాడాలంటే నాకు ఇప్పటికీ అరచేతులు చెమట పడుతున్నాయి. 

నెల కిందట కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నైజీరియాలో నాలుగేళ్ళు ఉన్నావు కదా, ఆ అనుభవాలు చెప్పు" అన్నారు. నైజీరియా అనగానే మనవాళ్ళు అడిగేవి మూడే ప్రశ్నలు. జీతం ఎంత? దోమలు ఎన్ని? దొంగల భయం ఉందా? ఆ మూడింటికీ భోజనాల దగ్గర జవాబు చెబుతాను. ఇక్కడ మాత్రం ఆ దేశపు కొయ్యశిల్పి ఒకాయన గురించి చెప్పాలనుకుంటున్నాను. ఆయన పేరు లామిడి ఒలోనాడె ఫాకెయె. నేను ఆయన్ని చూడలేదు. నేను ఆ దేశం వెళ్ళేటప్పటికి ఆయన పోయి ఐదేళ్ళు అయింది. ఆయన చేతి పని చూశాను. అక్కడివాళ్ళు చెబితే విన్నాను. తర్వాత పనిగట్టుకుని చదివాను. గేర్లు, బేరింగుల మధ్య బతికే నాలాంటివాడికి ఒక శిల్పితో పనేమిటంటారా? చివరికి మన బడి వెనక ఉన్న తాళం వేసిన గది దగ్గరికి వస్తాను. అప్పటిదాకా కాస్త ఓపిక పట్టండి.

నైజీరియా నైరుతి భాగం యొరుబా వారి నేల. లేగోస్, ఇబాదాన్, ఇఫే అన్నీ అక్కడివే. పెద్దల పట్ల వాళ్ళకున్న మర్యాద చూస్తే మనకు ముచ్చటేస్తుంది. పద్ధతి తెలిసిన కుర్రవాడు పెద్దవాళ్ళు ఎదురైతే సాష్టాంగపడతాడు. ప్రతి సందర్భానికీ వాళ్ళకొక పలకరింపు ఉంది. పని చేసుకుంటున్న మనిషి పక్కనుంచి పోతే ఊరికే పోరు, "ఎ కూ ఇషె" అంటారు. ఆ పలకరింపు పని చేస్తున్నందుకు. మన దగ్గర పని చేస్తున్నవాణ్ణి "ఇంకా కాలేదా?" అని పలకరిస్తాం.

ఆ నేలలో కొయ్య చెక్కడం ఈనాటిది కాదు. రాజుగారి నగరులో స్తంభాలు, తలుపులు, గుళ్ళలో దేవతల బొమ్మలు, జోస్యం చెప్పేవారి పళ్ళేలు, డోళ్ళు, ఉత్సవాల్లో తల మీద పెట్టుకుని ఆడే పెద్ద పెద్ద ముఖాలు, ఇవన్నీ చెక్కేవారు. 'ఎపా' అనే ఉత్సవానికి చెక్కే ముఖాలు కొన్ని పాతిక కిలోల పైనే ఉంటాయి. కింద తలకు తొడుక్కునే ముఖం, దాని పైన గుర్రమెక్కిన వీరుడో, బిడ్డలను ఎత్తుకున్న తల్లో. అతుకు లేకుండా అంతా ఒకే దుంగలోంచి తీస్తారు. దాన్ని తల మీద పెట్టుకుని పడుచువాడు మట్టిదిబ్బ మీదికి ఎగిరి దూకాలి. తూలకుండా నిలబడితే ఊరికి మంచిదని నమ్మకం. అంత బరువు పైన ఉన్నా గరిమనాభి ఎక్కడ పడుతుందో ఏ లెక్కా కాగితం మీద వేయకుండా ఆ చెక్కినవాడికి తెలుసు. ఇంజనీరుగా నాకు మొదట ఆశ్చర్యం వేసింది అక్కడే.

ఇంకొక సంగతి చెబితే తల్లులకు అర్థమవుతుంది. యొరుబా వారిలో కవల పిల్లలు ఎక్కువ. ప్రపంచంలోనే ఎక్కువని చెప్పే ప్రాంతాల్లో అది ఒకటి. పూర్వం కవలల్లో ఒకరు పోతే, జోస్యుడి సలహా మీద శిల్పి దగ్గర జానెడు బొమ్మ చెక్కించుకునేవారు. దాన్ని 'ఎరే ఇబేజీ' అంటారు. తల్లి ఆ బొమ్మకు స్నానం చేయించి, బట్ట కట్టి, బతికున్న బిడ్డకు పెట్టినట్టే తిండి పెట్టేది. మ్యూజియాల్లో ఉన్న ఆ బొమ్మల ముఖాలు చాలావాటికి కళ్ళు, ముక్కు అరిగిపోయి ఉంటాయి. అవి చెదలు తిన్నవి కావు. ఏళ్ళ తరబడి తల్లి చేతులు తుడిచి తుడిచి అరిగినవి.

ఇలాంటి పని చేసే ఇంట్లో, ఇలా ఒరంగున్ అనే ఊళ్ళో, 1928లో లామిడి పుట్టాడు. తరతరాలుగా వాళ్ళది చెక్కడం పనే. ఆయనది ఐదో తరం అంటారు. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒలోనాడె. అంటే 'చెక్కేవాడు వచ్చాడు' అని అర్థం. లామిడి అన్నది హమీద్ అనే ముస్లిం పేరుకు యొరుబా నోటిలో పడ్డ రూపం. ఆయన జీవితాంతం ముస్లింగానే ఉన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, దానితో పని ఉంది.

చెక్కేవాడు వచ్చాడు సరే, చెక్కించుకునేవాడు పోతున్నాడు. అదీ ఆయన కాలంలో వచ్చిన చిక్కు. ఊరూరా మసీదులు, చర్చిలు వచ్చాయి. పాత దేవతల గుళ్ళకు వెళ్ళేవారు తగ్గారు. కవలల బొమ్మలు అడిగేవారు తగ్గారు. రాజుల దగ్గర మునుపటి సంపద లేదు. ఐదు తరాల విద్య చేతిలో ఉండి, దాన్ని అడిగేవాడు లేకపోతే ఆ ఇంటి పిల్లవాడు ఏం చేస్తాడు? గుమాస్తా పనికి పోతాడు. మన మగ్గాల ఇళ్ళల్లో, కంసాలి ఇళ్ళల్లో, కుమ్మరి ఇళ్ళల్లో ఇదే చూశాం. మన క్లాసుల్లో ఆ ఇళ్ళ పిల్లలు ఎందరో ఉన్నారు, ఈ సభలో కూడా ఉన్నారు.

1947లో ఒయె ఎకిటి అనే ఊళ్ళో ఇద్దరు ఐరిష్ కాథలిక్ ఫాదర్లు, కెవిన్ కారొల్, షాన్ ఒమాహోనీ, ఒక పనిశాల పెట్టారు. చర్చిలకు కావలసిన తలుపులు, బొమ్మలు యూరప్ నుంచి తెప్పించకుండా అక్కడి శిల్పుల చేతనే, అక్కడి పద్ధతిలోనే చేయించాలని వాళ్ళ ఉద్దేశం. అందుకే ఆ పనిశాలలో చెక్కిన క్రీస్తు జననంలో కానుకలు తెచ్చే రాజులు యొరుబా రాజుల వేషంలో ఉంటారు. ఆ పనిశాలకు పెద్ద శిల్పి జార్జి బండెలె. 1940ల చివర లామిడి అక్కడికి చేరి బండెలె దగ్గర మూడేళ్ళు శిష్యరికం చేశాడు.

ఇక్కడ నన్ను నిలబెట్టిన విషయం ఒకటి ఉంది. లామిడి ఇంట్లో ఐదు తరాల విద్య ఉంది. చిన్నప్పుడే ఇంట్లో ఉలి పట్టాడు. అయినా ఇంకొక ఊరి, ఇంకొక ఇంటి మనిషి దగ్గర మళ్ళీ శిష్యుడిగా కూర్చున్నాడు. ఆ బండెలె సంగతి ఇంకా వింత. బండెలె తండ్రి అరెఒగున్. ఒసి అనే ఊరివాడు, ఆ కాలపు మహాశిల్పుల్లో ఒకడు, 1954 ప్రాంతంలో పోయాడు. బండెలె పని నేర్చుకున్నది మాత్రం తండ్రి దగ్గర కాదు. తండ్రి శిష్యుడైన ఒషముకో దగ్గర. చూడండి: అరెఒగున్ తన విద్యను శిష్యుడికి ఇచ్చాడు. శిష్యుడు దాన్ని గురువుగారి కొడుక్కి తిరిగి ఇచ్చాడు. ఆ కొడుకు దాన్ని వేరే శిల్పుల ఇంటి కుర్రవాడికి ఇచ్చాడు. మనం వంశపారంపర్యం అంటాం గాని, అది రక్తంలోంచి దానంతటది పారలేదు. ప్రతిసారీ ఒకరు పక్కన కూర్చోబెట్టుకుని ఇంకొకరికి నేర్పితేనే ముందుకు పోయింది. ఒక్కరు మానేసినా అక్కడితో ఆగిపోయేది.

ఇక పని ఎలా చేస్తారో చెబుతాను. ఇక్కడ వడ్రంగం తెలిసినవాళ్ళు నన్ను తప్పు పట్టకుండా ఉంటే చాలు. బొమ్మకు ఎక్కువగా పచ్చి కర్రే వాడతారు. పచ్చిగా ఉంటే ఉలికి లొంగుతుంది. తలుపులకు, స్తంభాలకు ఇరోకో వంటి చేవగల కర్ర కావాలి. ఇరోకోను మన వ్యాపారులు ఆఫ్రికా టేకు అంటారు. ఆ చెట్టులో ఆత్మ ఉంటుందని, ఏదో ఒకటి సమర్పించకుండా కొట్టకూడదని పాతవారి నమ్మకం. దుంగ ముందు పెట్టుకున్నాక శిల్పి బొమ్మ గీసుకోడు, నమూనా పెట్టుకోడు. పని నాలుగు దశల్లో నడుస్తుంది. కెవిన్ కారొల్ ఈ శిల్పుల దగ్గర విని వీటిని రాసిపెట్టాడు.

మొదటిది 'ఒనా లీలే'. గొడ్డలి, బాడిసలతో దుంగలోంచి తల ఇక్కడ, మొండెం ఇక్కడ, కాళ్ళు ఇక్కడ అని పెద్ద ముద్దలుగా విడగొట్టడం. రెండోది 'అలేతూన్‌లే'. ఆ ముద్దలను చిన్న బాడిసతో, ఉలితో మళ్ళీ విడగొట్టి చెవి, చెయ్యి, రొమ్ము, కిరీటం రూపాలు తేవడం. మూడోది 'దీదాన్', అంటే నునుపు చేయడం. నాలుగోది 'ఫీఫీన్'. కత్తి మొనతో కనురెప్పలు, జడ పాయలు, బట్ట మీది గళ్ళు చెక్కడం. ఈ బొమ్మల్లో తల ఎప్పుడూ పెద్దదిగా ఉంటుంది, మొత్తం ఎత్తులో దాదాపు నాలుగోవంతు. చేతగాక కాదు. మనిషి తలరాత తలలోనే ఉంటుందని వాళ్ళ నమ్మకం. తలను 'ఒరి' అంటారు. తలరాత అన్న మాట ఉన్న మనకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

చూసేవాళ్ళు మెచ్చుకునేది నాలుగో దశను. మా ఆవిడ కూడా ఆ జడ పాయలే చూసింది. అసలు కష్టం మొదటి దశలో ఉంది. అక్కడ బాడిస దెబ్బ ఒకటి లోతుగా పడితే ఇక ఏ దశలోనూ దాన్ని సరిదిద్దలేరు. ఒకే దుంగ కదా, కర్రను తీయగలం గాని తిరిగి అంటించలేం. అందుకే సాధారణంగా గురువు మొదటి దశ తన చేతిలో ఉంచుకుంటాడు. శిష్యులు నునుపు పనితో, చిన్న చిన్న గీతలతో మొదలుపెడతారు. మొదటి దశ చేతికి రావడం అంటే శిష్యుడు శిల్పి అయినట్టు.

ఇనుముతో చెక్కుతారు కాబట్టి వాళ్ళకు దేవుడు ఒగున్. ఇనుముకు అధిదేవత. కమ్మరులు, వేటగాళ్ళు, శిల్పులు, ఇప్పుడు డ్రైవర్లు, మెకానిక్కులు అందరూ ఆయన లెక్కలోకే వస్తారు. అరెఒగున్ పేరులో ఉన్నది కూడా ఆ దేవుడే. మా ఫ్యాక్టరీలో దసరాకు మేం నలుగురం తెలుగువాళ్ళం ఆయుధ పూజ చేశాం. మిషన్లకు, స్పానర్లకు పసుపు, కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాం. మా దగ్గర పనిచేసే యొరుబా ఫిట్టరు చేతులు కట్టుకుని చూసి, "మీకూ ఒగున్ ఉన్నాడన్నమాట" అన్నాడు. నేను నవ్వాను. తర్వాత ఆలోచిస్తే అతను సరిగ్గానే అన్నాడనిపించింది.

ఆ ఫిట్టరు గురించే ఇప్పుడు చెప్పాలి. ఇది నా తప్పు. కాబట్టి ఫ్యాక్టరీ పేరు అక్కర్లేదు. అక్కడ ప్లాస్టిక్ పైపులు తయారవుతాయి. మోటారుకు, గేరుబాక్సుకు మధ్య ఉండే కప్లింగును డయల్ గేజి పెట్టి సరిచూడాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా బేరింగులు పోతాయి. నా కింద ముగ్గురు స్థానిక కుర్రాళ్ళు ఉండేవారు. తెలివైనవాళ్ళు. వాళ్ళ చేత బోల్టులు విప్పించేవాణ్ణి, గ్రీజు తుడిపించేవాణ్ణి, లైటు పట్టించేవాణ్ణి. డయల్ గేజి మాత్రం నేనే పట్టేవాణ్ణి. వాళ్ళు చేస్తే ఆలస్యమవుతుందని ఒక కారణం. పాడవుతుందని ఇంకో కారణం. ఈ రెండూ పైకి చెప్పుకునేవి.

అమ్మకు జబ్బు చేస్తే మూడు వారాల సెలవు మీద వచ్చాను. నేను ఇక్కడ ఉండగానే అక్కడ కప్లింగు పోయింది. నేను తిరిగి వెళ్ళేదాకా పదకొండు రోజులు ఆ లైను ఆగిపోయింది. వెళ్ళాక ఒక రాత్రిలో బాగుచేశాను. యాజమాన్యం పిలిచి, "నువ్వు లేకపోతే మాకు నడవదు" అని మెచ్చుకుంది. మీకు నిజం చెబుతున్నాను. ఆ రోజు నాకు సిగ్గు కలగలేదు, గర్వం కలిగింది. ఆ కుర్రాళ్ళకు డయల్ గేజి ఇవ్వకపోవడానికి మూడో కారణం అదే.

ఆ తర్వాత రెండు నెలలకు ఒక ఆదివారం ఇఫే వెళ్ళాను. యొరుబా వారికి ఇఫే అంటే సృష్టి మొదలైన చోటు. అక్కడి ఒబాఫెమి అవొలొవొ విశ్వవిద్యాలయంలో లామిడి చెక్కిన ఒడుడువా విగ్రహం ఉంది. ఒడుడువా వాళ్ళ మూలపురుషుడు. 1987లో చెక్కిన పని అది. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. మా డ్రైవరు నన్ను చూసి, నాకు కొయ్య పని ఇష్టమనుకుని, వచ్చేదారిలో తనకు తెలిసిన ఒక శిల్పి ఇంటికి తీసుకెళ్ళాడు. పేరున్న మనిషి కాదు. రేకుల షెడ్డు, చుట్టూ పేళ్ళు, పచ్చి కర్ర వాసన. ఆయనకు డెబ్బై ఏళ్ళు ఉంటాయి. ఎదురుగా ఇరవై ఏళ్ళ శిష్యుడు కాళ్ళ మధ్య దుంగ నిలబెట్టుకుని బాడిసతో కొడుతున్నాడు. నాలుగేళ్ళుగా నునుపు పని చేసినవాడికి ఆ రోజే మొదటి దశ చేతికి ఇచ్చాడట.

పెద్దాయన పక్కన చిన్న పీట మీద కూర్చున్నాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. కుర్రవాడి ప్రతి దెబ్బకూ ఆ వేళ్ళు కొద్దిగా కదులుతున్నాయి, తామే కొడుతున్నట్టు. చేతులు మాత్రం ఒడిలోంచి లేవలేదు. ఒకచోట దెబ్బ లోతుగా పడింది. నాకే తెలిసింది. పెద్దాయన ఏమీ అనలేదు. కుర్రవాడు ఆగి, దుంగను తిప్పి చూసుకుని, అటుపక్క నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. నేను డ్రైవరు చేత అడిగించాను, దుంగ పాడైతే ఎలా అని. ఆయన చెప్పిన జవాబు చిన్నదే. "దుంగ ఇంకొకటి కొనొచ్చు."

మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్ళి డయల్ గేజి ఆ ఫిట్టరు చేతికి ఇచ్చాను. నేను చేస్తే గంటన్నర పని. అతనికి మూడుసార్లు తప్పి అర్ధరాత్రి అయింది. నేను చేతులు ప్యాంటు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అంత కష్టమైన పని ఇంకొకటి లేదు. నేను ఆ దేశం వదిలి వచ్చాక అతను ఒక ఫొటో పంపాడు. అందులో డయల్ గేజి ఇంకెవరో కుర్రవాడి చేతిలో ఉంది. మా ఫిట్టరు వెనక నిలబడి ఉన్నాడు.

మళ్ళీ లామిడి దగ్గరికి వద్దాం. శిష్యరికం అయ్యాక ఆయన సొంతంగా పని మొదలుపెట్టాడు. ఇబాదాన్ విశ్వవిద్యాలయంలోని కాథలిక్ ప్రార్థనాలయానికి తలుపులు చెక్కాడు. పాత దేవతల రూపాలు చెక్కాడు. ప్రభుత్వ భవనాలకు, నగరులకు చెక్కాడు. తాను చేసేది నమాజు. మూడు మతాల పని ఒకే బాడిసతో చేశాడు. 1960ల మొదట్లో ఫ్రెంచి ప్రభుత్వ ఉపకారవేతనం మీద పారిస్ వెళ్ళి రాతిపని నేర్చుకున్నాడు. తర్వాత అమెరికా వెళ్ళి అక్కడి విద్యార్థుల ముందు కూర్చుని చెక్కి చూపించాడు. వాషింగ్టన్‌లోని కెనెడీ సెంటర్‌లో ఆఫ్రికన్ రూమ్ తలుపులు ఆయన చేతివే. ఇంత తిరిగీ 1978లో ఇఫే విశ్వవిద్యాలయంలో నేర్పడానికి చేరి, 1995 దాకా పిల్లల మధ్యే ఉన్నాడు. 2006లో యునెస్కో ఆయన్ని సజీవ మానవ నిధిగా గుర్తించింది. 2009 డిసెంబరు 25న పోయాడు.

ఆయన్ని, ఆ ఒయె ఎకిటి పనిశాలను విమర్శించినవారూ ఉన్నారు. గుడిలో పూజలందుకోవలసిన బొమ్మ డ్రాయింగు రూములో గోడ పక్కకు వచ్చింది, నమ్మకం పోయాక మిగిలింది నైపుణ్యమే, అందులో ప్రాణం ఏదీ అన్నారు. ఆ మాటలో నిజం లేదనను. తల్లి చేతిలో అరిగిన ఇబేజీ బొమ్మకు, హోటలు లాంజిలో నిలబెట్టిన బొమ్మకు తేడా ఉంది. ఆ తల్లుల కాలం తిరిగి రాదు కూడా. కాని, అడిగేవాడు మారాడని చెక్కడం మానేసి ఉంటే, ఆ నాలుగు దశలూ ఈనాడు పుస్తకంలోనే ఉండేవి. రేకుల షెడ్డులో ఆ కుర్రవాడి చేతిలో ఉండేవి కావు.

పేరు గురించి కూడా ఒక మాట. 1924లో లండన్ దగ్గర వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనకు ఇకెరె రాజుగారి నగరు నుంచి ఒక చెక్కిన తలుపు వెళ్ళింది. బ్రిటిష్ మ్యూజియం వారు అది తమకు కావాలన్నారు. రాజుగారు డబ్బుకు ఇవ్వలేదు, ఇంగ్లండులో చేయించిన సింహాసనానికి బదులుగా ఇచ్చాడు. ఆ తలుపు చెక్కినవాడు ఇసె ఊరికి చెందిన ఒలోవే అని బయటి ప్రపంచం తెలుసుకున్నది చాలా ఏళ్ళ తర్వాత. ఆయన 1938లో పోయాడు. 1988లో, అంటే సరిగ్గా యాభై ఏళ్ళకు, ఒక పరిశోధకుడు వెళితే ఒలోవే భార్యల్లో ఒకావిడ ఆయన స్తుతిగీతం మొత్తం పాడి వినిపించింది. వాళ్ళు దాన్ని 'ఒరికీ' అంటారు. మ్యూజియం పలక మీద లేని పేరు ఆ ఇంట్లో యాభై ఏళ్ళు నోటి మీద ఉంది.

ఇప్పుడు మన గది దగ్గరికి వస్తున్నాను. బడి వెనక, బాదం చెట్టు దాటాక ఉన్న పెంకుల గది. మా రోజుల్లో దాన్ని క్రాఫ్ట్ రూము అనేవాళ్ళం. అక్కడ మా వడ్రంగం మాస్టారు ఉండేవారు. టీచర్ల గ్రూపు ఫొటోలో ఆయన ఎప్పుడూ చివర నిలబడేవారు. మార్కులు లేని పీరియడు కాబట్టి మేం కూడా ఆయన్ని సగం మాస్టారుగానే చూశాం. ఎనిమిదో తరగతిలో నాకు ఒక చెక్క ఇచ్చి తెడ్డు చేయమన్నారు. నేను చారకు అడ్డంగా ఉలి పెట్టి కొట్టాను. చెక్క నిలువునా రెండైంది. దెబ్బలు తప్పవనుకున్నాను. ఆయన రెండు ముక్కలూ తీసి పక్కన పెట్టి ఇంకో చెక్క ఇచ్చారు. చేతులు వెనక్కి కట్టుకుని నా పక్కన నిలబడ్డారు. ఆ రోజంతా ఆయన నా చేతిలోంచి ఉలి తీసుకోలేదు. ఆ వంకర తెడ్డుతో మా అమ్మ చాలా ఏళ్ళు పులుసు కలిపింది.

చేతులు వెనక్కి కట్టుకోవడం ఆయన అలవాటు అనుకున్నాను. అది అలవాటు కాదని, నేర్పడమంటే అదేనని తెలియడానికి నాకు ముప్పై ఏళ్ళు, ఒక పరాయి దేశం, పదకొండు రోజుల నష్టం పట్టాయి. ఆయనకు చెప్పుకుందామంటే ఆయన ఇవాళ మన మధ్య లేరు. అందుకే మీకు చెబుతున్నాను.

పొద్దున ఆ గదికి వెళ్ళాను. తాళం తీయించడానికి అరగంట పట్టింది. విరిగిన బెంచీలు, పాత రిజిస్టర్లు, గబ్బిలాలు. పని బల్ల మాత్రం ఉంది. పట్టుడు ఇంకా బిగుసుకుంటోంది.

స్వర్ణోత్సవ నిధితో స్వాగత తోరణం కట్టి, దాతల పేర్లు గ్రానైటు మీద చెక్కించాలని కమిటీ అనుకుంటోంది. తోరణం వద్దనను. నా పేరు కూడా అందులో వస్తుంది, నాకూ ఆశ ఉంది. ముందు ఆ గదికి కప్పు సరిచేయిద్దామని మాత్రం అడుగుతున్నాను. మన ఊళ్ళో ఇప్పటికీ పని చేస్తున్న వడ్రంగులు ఉన్నారు. వారిలో ఒకరిని వారానికి రెండు సాయంత్రాలు పిలుద్దాం. గౌరవంగా జీతం ఇద్దాం. గ్రూపు ఫొటోలో మధ్యలో కూర్చోబెడదాం. మా రోజుల్లో మగపిల్లలకు వడ్రంగం, ఆడపిల్లలకు కుట్టుపని అని విడగొట్టారు. ఈసారి అలా వద్దు. మొదటి పనిముట్లు, బాడిసలు, ఉలులు, రంపాలు, నేను కొంటాను. చెక్కలు పాడవుతాయి, ఆ ఖర్చుకు కమిటీ సిద్ధపడాలి.

అందరూ వడ్రంగులు కావాలని కాదు. మన పిల్లలు డాక్టర్లు అవుతారు, సాఫ్ట్‌వేరు చేస్తారు, విదేశాలు వెళతారు. వెళ్ళనివ్వండి. ఎక్కడికి వెళ్ళినా ఎప్పుడో ఒకనాడు వాళ్ళ కింద ఒక కుర్రవాడో అమ్మాయో పని నేర్చుకోవడానికి నిలబడతారు. ఆ రోజు ఉలి వాళ్ళ చేతికిచ్చి తమ చేతులు వెనక్కి కట్టుకోవాలని వీళ్ళకు గుర్తుండాలి. అది పాఠంగా చెబితే రాదు. ఒకసారి తమకు అలా జరిగి ఉండాలి. మాకు ఈ బడిలో జరిగింది.

గది తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది. హెడ్మాస్టారు గారికి ఇప్పుడే, మీ అందరి ముందు ఇచ్చేస్తున్నాను. మళ్ళీ తాళం పడదన్న నమ్మకంతో.